గది దొరికింది, ఇక ఎవరితో కలిసి తినాలి?

వరంగల్ లాంటి ఊళ్లో ఇల్లు లేని మనిషికి మధ్యాహ్నం అన్నం దొరకడం మనం అనుకున్నంత కష్టం కాదు. వారాలు తెలిసి ఉండాలి, అంతే. గురువారం సాయిబాబా గుడి, శుక్రవారం దర్గా, శనివారం ఆంజనేయస్వామి గుడి. మధ్యలో ఎవరిదో పుట్టినరోజు, ఇంకెవరిదో సంవత్సరీకం, ఎంజీఎం ఆస్పత్రి ముందు ఆటోలోంచి దింపే పులిహోర ప్యాకెట్లు. వినాయక నవరాత్రుల్లో అయితే ఒకే పూట నాలుగు వాడల్లో పిలిచి మరీ వడ్డిస్తారు. నిమజ్జనం అయిన మర్నాడు మాత్రం ఆ గంజులన్నీ బోర్లించి ఉంటాయి.

ఈ లెక్కలన్నీ కంఠతా వచ్చిన మనిషికి ఒకరోజు షెల్టర్‌లో మంచం దొరుకుతుంది. ఇంకొన్నాళ్లకు ఏదో చిన్న పని, కాశీబుగ్గ వైపు ఒక రేకుల గది. ఇక కష్టాలు గట్టెక్కినట్టే అనుకుంటాం. కానీ రోడ్డు మీది నుంచి గదిలోకి మారాక చాలామందిని ఒంటరితనం పట్టుకుంటుందని రకరకాల దేశాల్లో పరిశోధకులు పదేపదే గమనించారు. తలుపు వేసుకుంటే దొంగల భయం, పోలీసుల భయం పోతాయి. పలకరించే మనిషి కూడా పోతాడు. అందుకే గది ఉండి కూడా కొందరు మళ్లీ పాత అన్నదానం లైన్లోకి వచ్చి నిలబడతారు. చూసినవాళ్లు "అలవాటు పడ్డడు, ఊరికే వచ్చే కూడు రుచి మరిగిండు" అంటారు. ఆ మాట ఎంత అన్యాయమో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

ఆ మనిషి వచ్చింది అన్నం కోసం కాకపోవచ్చు. ఆ లైన్లో తనకు తెలిసిన మొహాలున్నాయి. తన పేరు తెలిసినవాళ్లున్నారు. మనం ఇల్లు ఇచ్చాం, బియ్యం ఇచ్చాం, కలిసి తినే మనుషులను మాత్రం ఆ ఇచ్చిన దాంట్లో లెక్క వేయలేదు. ఎందుకు వేయలేదు, వేస్తే ఎలా ఉంటుంది అన్నది కొంచెం చిక్కు ప్రశ్న. ఎందుకంటే ఇందులో చట్టం ఉంది, కులం ఉంది, వంటగది ఉంది, ఆధార్ కార్డు కూడా ఉంది.

ఇల్లు పోతే ముందు పోయేది పొయ్యి

జనగణనవాళ్ల నిర్వచనంలో ఇల్లు లేనివాళ్లంటే రోడ్ల పక్కన, ఫుట్‌పాత్‌ల మీద, పెద్ద తూముల్లో, ఫ్లైఓవర్ల కింద, మెట్ల కింద, గుడి మండపాల్లో, రైల్వే ప్లాట్‌ఫారాల మీద ఉండేవాళ్లు. 2011లో ఫిబ్రవరి 28 రాత్రి వాళ్లను లెక్కపెట్టారు. దేశం మొత్తం మీద 17.7 లక్షల మంది తేలారు. ఒక్క రాత్రి తిరిగి రాసుకున్న లెక్కకు మార్కెట్ యార్డులో బస్తాల చాటున పడుకున్నవాళ్లు, ఆస్పత్రి వరండాలో ఎవరి కంటా పడకుండా ముడుచుకున్న ముసలివాళ్లు దొరకడం కష్టం.

మన దగ్గర ఈ మనుషులు ఎక్కడి నుంచి వస్తారో ఊరి భూగోళమే చెబుతుంది. కాజీపేట పెద్ద జంక్షన్. ఢిల్లీ నుంచి, చెన్నై నుంచి, హైదరాబాద్ నుంచి వచ్చే దార్లు అక్కడ కలుస్తాయి. ఎక్కడ దిగాలో తెలియనివాళ్లు, దించేసి పోబడ్డవాళ్లు అక్కడ దిగుతారు. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్, జనగామ దాకా పెద్ద జబ్బు చేస్తే పరుగెత్తుకొచ్చేది ఎంజీఎంకే. రోగితో వచ్చినవాళ్లు వారాల తరబడి చెట్ల కింద ఉంటారు. రోగి పోయాక ఊరికి తిరిగిపోని మనిషి ఒకరిద్దరు మిగిలిపోతారు. ఎనుమాముల మార్కెట్‌కు కూలికి వచ్చి, సీజన్ అయిపోయినా పోవడానికి ఊరు లేనివాళ్లున్నారు. 1934లో పెట్టిన ఆజంజాహి మిల్లు మూతపడ్డాక, మగ్గాలు ఆగాక, సూరత్, భివండి, షోలాపూర్ పోయినవాళ్లలో కొందరు ఒంట్లో శక్తి అయిపోయాక తిరిగొచ్చారు. వచ్చేసరికి ఇల్లు లేదు, ఉన్న ఇంట్లో చోటు లేదు.

వీళ్లందరూ పోగొట్టుకున్న వాటిలో పొయ్యి ముందుంటుంది. పొయ్యి లేకపోతే రేషన్ బియ్యం కూడా అక్కరకు రాదు. 2013 ఆహార భద్రత చట్టం మనిషికి నెలకు 5 కిలోల ధాన్యం హక్కుగా ఇచ్చింది. తెలంగాణలో 2025 ఉగాది నుంచి మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు. మంచి పని, పేదింటి గంజులోకి సన్నన్నం వచ్చింది. కానీ బస్టాండ్‌లో పడుకునే మనిషికి ఆరు కిలోల బియ్యం చేతికిస్తే ఎక్కడ పెట్టుకోవాలి? దేంట్లో వండాలి? కార్డే లేని మనిషి సంగతి సరేసరి. ఉన్నవాడు కూడా ఆ బియ్యాన్ని ఎవరికో ఒకరికి తక్కువకు అమ్మేసి, ఆ డబ్బుతో హోటల్లో ఒక పూట తింటే మనం తప్పు పట్టలేం.

పొయ్యి లేని మనిషి ఎప్పుడు తినాలో, ఏం తినాలో, ఎంత తినాలో, ఎవరి పక్కన కూర్చోవాలో అన్నీ వేరేవాళ్లు తేలుస్తారు. పళ్లు ఊడిన ముసలాయనకు గట్టి అన్నం పులిహోర. షుగర్ ఉన్నామెకు రవ్వకేసరి. చాలా రోజులు సరిగ్గా తినక చిక్కిపోయిన మనిషికి ఒక్కసారిగా విస్తరి నిండా వడ్డిస్తే ఒంట్లో ఫాస్ఫేట్ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చని డాక్టర్లు హెచ్చరిస్తారు. అలాంటివాళ్లకు డాక్టరు చెప్పినట్టు కొద్దికొద్దిగా మొదలుపెట్టాలి. ఇదంతా పెట్టేవాళ్లకు తెలియాలంటే తినేవాళ్లతో మాట్లాడాలి. లైన్లో అంత తీరిక ఎవరికీ ఉండదు. ఇంత పచ్చిపులుసు ఉంటే బాగుండు అని ఆ మనిషికి అనిపించినా అడిగే చోటు కాదది. అడిగితే "పెట్టింది తినక ఏషాలు" అనిపించుకోవాలి.

ఏళ్ల తరబడి ఇలా తిన్న మనిషికి తనకేది ఇష్టమో చెప్పే అలవాటు పోతుంది. నా దృష్టిలో ఆకలి కంటే ఇది లోతైన దెబ్బ. గది తాళంచెవి చేతికొచ్చిన రోజున అది దానంతట అది తిరిగి రాదు.

దానం, హక్కు, ఐదు రూపాయల టోకెన్

ఇల్లు లేనివాళ్ల అన్నం గురించి మన దేశంలో చట్టం చాలా దూరమే వచ్చింది. కానీ సరిగ్గా అవసరమైన చోట ఆగిపోయింది. 2001లో పీయూసీఎల్ అనే పౌరహక్కుల సంఘం సుప్రీంకోర్టులో వేసిన ఆహార హక్కు కేసు దానికి మొదలు. ఆ ఏడాది నవంబర్ 28న కోర్టు ఇచ్చిన ఆదేశంతో బడిపిల్లలకు వండిన మధ్యాహ్న భోజనం హక్కయింది. అదే కేసులో 2010 జనవరిలో, ఢిల్లీ చలికి రోడ్ల మీద ఉన్నవాళ్ల సంగతి కోర్టు ముందుకొచ్చింది. పట్టణాల్లో లక్ష జనాభాకు ఒక షెల్టర్ అయినా, ఇరవై నాలుగు గంటలూ నడిచేలా ఉండాలన్న సూత్రం అక్కడి నుంచి వచ్చింది. 2013లో మొదలైన పట్టణ జీవనోపాధుల మిషన్ దాన్ని మార్గదర్శకాల్లోకి తెచ్చింది: లక్ష జనాభాకు వంద మందికి చోటు, మనిషికి కనీసం 50 చదరపు అడుగులు, వంట చేసుకునే జాగా, గ్యాస్, వంటపాత్రలు. 2011 లెక్కల్లోనే గ్రేటర్ వరంగల్ జనాభా దాదాపు 8 లక్షలు. అంటే ఎనిమిది షెల్టర్లు, ఎనిమిది వందల మందికి చోటు, ఎనిమిది వంటగదులు.

ఆ వంటగది అన్న మాటను మనం తేలిగ్గా చదివి ముందుకు పోతాం. మంచాలు వేయడం, ఫ్యాన్లు బిగించడం, బోర్డు పెట్టడం ఫొటోలో కనిపిస్తాయి. పొయ్యి వెలిగించే హక్కు ఎవరికుందన్నది కనిపించదు. భోజనం బయటి నుంచి డబ్బాల్లో వస్తే నిర్వాహకులకు సులువు. అగ్గి భయం లేదు, కత్తిపీట భయం లేదు, ఎవరు కడగాలన్న గొడవ లేదు. అయితే అక్కడున్నవాళ్లు నాలుగు గోడల మధ్యకు మారినా వాళ్ల తిండి మాత్రం ఇంకా రోడ్డు మీది పద్ధతిలోనే నడుస్తుంది.

పెద్దవాళ్లకు వండిన అన్నం హక్కుగా రావాలన్న ఆలోచన కూడా ఒకప్పుడు కాగితం మీదికి వచ్చింది. 2011లో పార్లమెంటులో పెట్టిన ఆహార భద్రత బిల్లులో నిరుపేదలకు రోజుకు ఒక పూట ఉచిత భోజనం, ఇల్లు లేనివాళ్లకు సామూహిక వంటశాలల్లో తక్కువ ధరకు భోజనం అన్న క్లాజులున్నాయి. 2013లో చట్టం అయ్యేసరికి అవి మాయమయ్యాయి. పిల్లలకు, గర్భిణులకు, బాలింతలకు మాత్రమే భోజనం హక్కు మిగిలింది. దేశమంతా సామూహిక వంటశాలలు పెట్టించాలని వేసిన పిటిషన్ మీద 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆదేశం ఇవ్వడానికి నిరాకరించి, రాష్ట్రాలకు వదిలేసింది.

రాష్ట్రాలు తమకు తోచిన దారి వెతుక్కున్నాయి. తమిళనాడులో 2013లో తక్కువ ధరకు భోజనం పెట్టే అమ్మ ఉణవగం వచ్చింది. హైదరాబాద్‌లో 2014 నుంచి ఐదు రూపాయల భోజనం నడుస్తోంది. పక్క రాష్ట్రంలో అన్న క్యాంటీన్లున్నాయి. వీటి మీద నాకు గౌరవం ఉంది. ఐదు రూపాయలు ఇచ్చి టోకెన్ తీసుకున్న మనిషి ఎవరికీ దండం పెట్టక్కరలేదు. పక్కన ఆటో డ్రైవర్ ఉంటాడు, కోచింగ్‌కు వచ్చిన పిల్లాడు ఉంటాడు, అందరిదీ ఒకటే పళ్లెం. దానం తీయలేని ముల్లును ఆ చిన్న నాణెం తీస్తుంది. కానీ అక్కడ కూడా నిలబడి తిని, పది నిమిషాల్లో చెయ్యి కడుక్కుని పోవాలి. వెనక లైను ఉంటుంది. రేపు నువ్వు రాకపోతే "ఏమైంది, రాలే" అని అడిగేవాళ్లుండరు. ఆ టోకెన్ మనిషికి మర్యాద ఇచ్చింది. తోడు ఇవ్వడం దాని పని కాదు, దాన్ని అడగడం కూడా న్యాయం కాదు.

తిరిగి ఇచ్చే చోటు

సద్దుల బతుకమ్మ నాడు చెరువు గట్టున ఏం జరుగుతుందో మన ప్రాంతంలో అందరికీ తెలుసు. బతుకమ్మను నీళ్లలో వదిలాక ఆడవాళ్లు తెచ్చుకున్న సత్తుపిండి, మలీద విప్పుతారు. పల్లీల సత్తు, నువ్వుల సత్తు ఒకరిది ఒకరికి పెట్టుకుంటారు. "ఇస్తినమ్మ వాయనం" అని ఒకరు, "పుచ్చుకుంటినమ్మ వాయనం" అని ఇంకొకరు. ఈమె ఇచ్చింది ఆమె తీసుకుంటుంది, మళ్లీ ఆమె ఇచ్చింది ఈమె తీసుకుంటుంది. పెద్ద గిన్నె తెచ్చినామె, చిన్న టిఫిన్ డబ్బా తెచ్చినామె ఇద్దరూ ఇస్తారు, ఇద్దరూ పుచ్చుకుంటారు.

ఇల్లు లేని మనిషికి ఈ రెండో సగం దొరకదు. ఎప్పుడూ పుచ్చుకోవడమే. ఇచ్చే అవకాశం ఏ పూటా రాదు. వట్టి చేతులతో ఎదురుగా నిలబడి, ఎదుటివాళ్ల పుణ్యానికి పాత్ర కావడం తప్ప ఆ భోజనంలో తన పని ఏమీ లేదు. అన్నదానం చేసేవాళ్ల మనసు మంచిదే. నేను వాళ్లను తక్కువ చేయడం లేదు, వాళ్లు లేకపోతే ఈ ఊళ్లో ఆకలి చావులు చూసేవాళ్లం. కానీ ఏళ్లకేళ్లు ఒకే వైపు నడిచే ఇవ్వడం అవతలి మనిషిని వంచేస్తుంది.

అందుకే కలిసి తినే భోజనంలో అన్నిటికన్నా ముందు చూడాల్సింది, వచ్చినవాళ్లకు అక్కడ పని ఉందా అన్నది. ఉల్లిగడ్డలు కోసేవాళ్లు, నీళ్లు పట్టేవాళ్లు, చాపలు పరిచేవాళ్లు, వడ్డించేవాళ్లు, పప్పులో ఉప్పు చూసి చెప్పేవాళ్లు. రోడ్డు మీదున్న మనుషుల్లో పెండ్లిళ్లకు వంట చేసినవాళ్లుంటారు, హోటల్లో పరోటా మాస్టర్లుగా చేసినవాళ్లుంటారు, సర్వపిండి ఎర్రగా కాల్చడంలో చెయ్యి తిరిగినవాళ్లుంటారు. అడిగితే గదా తెలిసేది. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. పనిని తిండికి షరతు చేయకూడదు. "పాత్రలు కడిగితేనే అన్నం" అంటే అది వెట్టి. పని చేయని రోజు కూడా కంచం ఉండాలి. చెయ్యాలనిపించిన రోజున పని కూడా ఉండాలి.

డబ్బుల విషయంలోనూ ఇదే దారి. మూలన ఒక డబ్బా పెడితే, ఎవరెంత వేశారో ఎవరూ చూడకుండా ఉంటే, రూపాయి వేసినవాడు వేసినట్టే, వేయనివాడు వేయనట్టే. కూలి దొరికిన రోజు యాభై వేసే మనిషి ఉంటాడు. ఆ యాభై వేసిన పూట ఆయన అన్నం తినే తీరు వేరుగా ఉంటుంది.

ఒకే పంక్తిలో

మన దగ్గర కలిసి తినడం గురించి మాట్లాడి కులం గురించి మాట్లాడకపోతే అది అబద్ధం అవుతుంది. పన్నెండో శతాబ్దపు పల్నాడులో బ్రహ్మనాయుడు అన్ని కులాలవాళ్లను ఒకే చాప మీద కూర్చోబెట్టి తినిపించాడని, దాన్ని చాపకూడు అన్నారని తరతరాలుగా చెప్పుకుంటున్నాం. అంత గొప్పగా చెప్పుకున్నామంటే, మిగతా చోట్ల అది జరగలేదనే కదా. ఊరి హోటళ్లలో దళితులకు వేరే గ్లాసు పెట్టే రెండు గ్లాసుల పద్ధతి చూసిన తరం ఇంకా బతికే ఉంది.

ఇల్లు పోయినంత మాత్రాన కులం పోదు. ప్లాట్‌ఫారం మీద పక్కపక్కనే పడుకునేవాళ్లు కూడా ఎవరి చేతి అన్నం ఎవరు తింటారన్న దగ్గర పట్టింపు చూపిస్తారు. ఉన్నదంతా పోయిన మనిషి పట్టుకుని వేలాడేది ఒక్కోసారి ఆ పుట్టుక గొప్పనే. షెల్టర్ వంటగదిలో మొదటి గొడవ సాధారణంగా ఉప్పు గురించి మొదలై అసలు చోటికి చేరుతుంది. ఇక్కడ నిర్వాహకులు మెత్తబడకూడదు. 2004 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు మధ్యాహ్న భోజన పథకంలో వంటవాళ్లుగా, సహాయకులుగా దళితులకు, ఎస్సీ, ఎస్టీలకు ప్రాధాన్యం ఇవ్వమని చెప్పింది. బడిపిల్లలు ఒకే వరుసలో కూర్చుని ఎవరు వండినా తినడం నేర్చుకోవాలన్న ఆలోచన దాని వెనక ఉంది. షెల్టర్‌కు కూడా ఆ నియమమే పనికొస్తుంది. వంట వంతుల వారీగా అందరికీ వస్తుంది, "నేను ఆయన చేతిది తినను" అన్న మాటకు అక్కడ వేరే కంచం ఉండదు.

కులం పట్టింపు వేరు, తిండి అలవాటు వేరు. మాంసం ముట్టనివాళ్లు, హలాల్ అయితేనే తినేవాళ్లు, గురువారం గుడ్డు తిననివాళ్లు ఉంటారు. దాన్ని గౌరవించాలి. గుడ్డు వద్దన్న మనిషికి అరటిపండు పెట్టడం కష్టమేమీ కాదు. ఒకరు తినరని మిగతా అందరికీ గుడ్డు ఆపేయడం మాత్రం తప్పు, ఒంట్లో బలం లేని మనుషులకు ఆ గుడ్డు మందుతో సమానం. తినే ముందు ఫలానా ప్రార్థన చేయాలన్న షరతు అసలే వద్దు. ఏ మతం వాళ్లు పెట్టినా సరే.

ఇంకో సంగతి. 2023 జులైలో వానలకు భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని వాగు ముంచెత్తితే జనం ఇళ్ల పైకప్పులెక్కి ప్రాణాలు కాపాడుకున్నారు. ఆ వారమే వరంగల్‌లో భద్రకాళి చెరువు కట్టకు గండి పడింది. కాలనీలకు కాలనీలు నీళ్లలో ఉన్నాయి. సొంత ఇల్లు, కారు ఉన్నవాళ్లు కూడా రెండు రోజులు ఎవరో పంపిన పులిహోర కోసం చెయ్యి చాపారు. అప్పుడు ఎవరినీ ఎవరూ "ఎందుకిట్ల అయినవ్" అని అడగలేదు. వరద వల్ల ఇల్లు పోతే జాలి, తాగుడు వల్లో, అప్పు వల్లో, కొడుకు గెంటేయడం వల్లో ఇల్లు పోతే అనుమానం. పంక్తిలో కూర్చున్న మనిషి ఎందుకు అక్కడికి వచ్చాడో చెప్పనక్కరలేకుండా తినగలగాలి. చెప్పాలనిపించినప్పుడు తనే చెబుతాడు, అది మూడో నెలలో కావచ్చు, మూడో ఏట కావచ్చు.

గదిలోకి మారాక

ఇప్పుడు మళ్లీ ఆ రేకుల గది దగ్గరికి వద్దాం. పొయ్యి ఉంది, బియ్యం ఉంది. ఒక్కడికోసం ఏం వండుకోవాలి? చాలామంది వండుకోరు. టీ, బన్ను, రాత్రికి ఏదో మిర్చి బజ్జీ. తాగే అలవాటు ఉన్న మనిషికి ఒంటరి సాయంత్రం పాత దారి చూపిస్తుంది.

2025 ప్రపంచ సంతోష నివేదికలో ఒక అధ్యాయం మొత్తం కలిసి తినడం గురించే. 142 దేశాల్లో అడిగి చూస్తే, తెలిసినవాళ్లతో ఎక్కువ పూటలు తినేవాళ్లు తమ జీవితం బాగుందని చెప్పడం ఎక్కువగా కనిపించింది. కలిసి తినడం వల్లే సంతోషమా, సంతోషంగా ఉన్నవాళ్లే కలిసి తింటారా అన్నది వేరే చర్చ. దక్షిణాసియా ఈ విషయంలో అట్టడుగున ఉన్న ప్రాంతాల్లో ఒకటని కూడా అందులో తేలింది. ఉమ్మడి కుటుంబాల గురించి అంత గర్వపడే మనకు ఇది మింగుడుపడని సంగతే.

గదిలోకి మారినవాళ్ల కోసం భోజనం ఏర్పాటు చేయాలంటే పెద్ద భవనం అక్కరలేదు. కావలసింది మారని రోజు, మారని వేళ, మారని చోటు. ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంట అంటే వాన పడ్డా, పండుగ వచ్చినా ఒంటిగంటే. దాతలు దొరికిన వారం పెట్టి, దొరకని వారం ఆపేస్తే అది మళ్లీ పాత అన్నదానపు క్యాలెండర్ అయిపోతుంది. తక్కువ పెట్టండి, పప్పూ అన్నమే పెట్టండి, కానీ ఆపకండి. కింద కూర్చోలేనివాళ్లకు కుర్చీలుండాలి. స్టీలు కంచాలుండాలి. కాగితం ప్లేటు తిని పారేసి పొమ్మంటుంది, స్టీలు కంచం కడిగి బోర్లించి మళ్లీ రమ్మంటుంది. నిర్వాహకులు కూడా అదే పంక్తిలో, అదే అన్నం తినాలి. దీని గురించి నాకు మరో అభిప్రాయం లేదు. వడ్డించి పక్కన నిలబడి చూసేవాళ్లు ఉన్నంతసేపు అది వాళ్ల భోజనమే, మనందరి భోజనం కాదు. ఫోన్లు జేబుల్లో ఉండాలి. తింటున్న మనిషి ఫొటో తీసి దాతకు వాట్సాప్‌లో పంపడం ఎంత మామూలు అయిపోయిందంటే, అది అవమానమన్న సంగతే మర్చిపోయాం.

వారం వారం వచ్చే మనిషి ఒక వారం రాకపోతే కనుక్కోవడానికి ఒకరు గది దాకా పోవాలి. జ్వరమో, ఫిట్సో, కాలు విరిగిందో, మళ్లీ తాగుడో అలాగే తెలుస్తుంది. ఎంత పెద్ద పథకం అయినా ఈ పని చేయలేదు. రోడ్డు మీద చనిపోయిన మనిషి "గుర్తుతెలియని శవం" అని పేపర్లో నాలుగు లైన్ల వార్త అవుతాడు. కలిసి తిన్నవాళ్లుంటే పేరు చెప్పడానికి ఒకరుంటారు, మూడో నాడు పిట్టకు పెట్టడానికి ఒకరుంటారు. రోడ్డు మీద బతికినవాళ్లను చాలా రాత్రులు ఈ భయమే నిద్రపోనివ్వదు.

ఆడవాళ్ల విషయంలో ఇంకొంచెం ఆలోచించాలి. ఇంటి నుంచి తరిమేయబడ్డ ఆడమనిషి ముప్పై ఏళ్లు వండి వడ్డించి, చివర మిగిలింది తిని ఉంటుంది. షెల్టర్‌కు వచ్చాక కూడా "నీకు వంట వచ్చు కదమ్మా" అని గరిటె చేతికిస్తే ఆమెకు మిగిలిందేమిటి? మొదటి కొన్నాళ్లు ఆమె కూర్చోవాలి, మగవాళ్లు వడ్డించాలి. వండాలని ఉంటే కూలి కట్టి వండించాలి. 2024 నుంచి రాష్ట్రంలో మహిళా సంఘాలు ఇందిరా మహిళా శక్తి క్యాంటీన్లు నడుపుతున్నాయి. అలాంటి సంఘాల్లో ఇల్లు లేని ఆడవాళ్లకు చోటు దొరికితే చేతిలో గరిటెకు జీతం కూడా ఉంటుంది.

మనసు చెదిరిన మనుషులు పంక్తిలో వెంటనే కూర్చోలేరు. కొందరు గోడ వైపు తిరిగి తింటారు, కొందరు కంచం తీసుకుని బయటికి పోతారు. పోనివ్వాలి. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం ఇల్లు లేక తిరిగే మానసిక రోగులకు బీపీఎల్ కార్డు లేకున్నా ఉచిత వైద్యం హక్కు. అలా తిరిగేవాళ్లను రక్షణలోకి తీసుకునే బాధ్యత పోలీసులది. కానీ మందు మింగమని చెప్పగలిగేది సాధారణంగా రోజూ అన్నం పెట్టే చెయ్యే. ముందు నమ్మకం కుదరాలి, తర్వాతే ఆస్పత్రి.

కాగితాల పని కూడా ఈ పంక్తి దగ్గరే సులువవుతుంది. గుర్తింపు పొందిన షెల్టర్ నిర్వాహకులు నిర్ణీత నమూనాలో ఇచ్చే సర్టిఫికెట్ ఆధార్‌కు చిరునామా రుజువుగా చెల్లుతుంది. ఆధార్ ఉంటేనే 2,016 రూపాయల పింఛను దారిలో పడుతుంది. ఇల్లు లేని మనిషి ఓటరు కావడానికి చిరునామా కాగితమే అడగకూడదని ఎన్నికల సంఘం నిబంధన. బూత్ స్థాయి అధికారి రాత్రిపూట వచ్చి, ఆ మనిషి నిజంగా అక్కడే పడుకుంటున్నాడో లేదో చూసి నమోదు చేయాలి. ఈ సంగతులు లైన్లో నిలబడ్డవాళ్లకు ఎవరూ చెప్పరు. పక్కన కూర్చుని తినేవాళ్లు చెబుతారు. అయితే అన్నం దగ్గర పేర్లు రాసుకోవడం మొదలుపెట్టకండి. రిజిస్టర్ చూడగానే లేచిపోయేవాళ్లుంటారు, వాళ్ల భయానికి కారణాలుంటాయి.

ఇదంతా ఇప్పుడు చెప్పడానికి ఒక కారణం ఉంది. కేంద్రం 2022లో తెచ్చిన స్మైల్ పథకం కింద భిక్షాటన లేని నగరాలుగా మార్చాలని ఎంచుకున్న 30 చోట్లలో వరంగల్ ఒకటి. 2026 నాటికి అన్నది లక్ష్యం. సర్వే చేయాలి, షెల్టర్లకు చేర్చాలి, పని నేర్పాలి. ఉద్దేశం మంచిదే. కానీ వేయిస్తంభాల గుడి ముందు నుంచో, భద్రకాళి గుడి దారి నుంచో ఒక ముసలామెను వ్యాన్ ఎక్కించినప్పుడు ఆమెకు ఉన్న ఒక్కగానొక్క బలగాన్ని కూడా అక్కడే వదిలేయిస్తున్నాం. పక్కన కూర్చునే ఇద్దరు ముసలమ్మలు, అరువు టీ ఇచ్చే బండి అతను, మిగిలిన ఇడ్లీ దాచిపెట్టే టిఫిన్ సెంటర్ అమ్మ. సిగ్నళ్ల దగ్గర అడుక్కునేవాళ్లను తీసేయమని ఆదేశించాలన్న పిటిషన్ 2021 జులైలో వచ్చినప్పుడు, డబ్బున్నవాళ్ల చూపుతో దాన్ని చూడలేమని, వేరే దారి లేకే జనం అడుక్కుంటారని సుప్రీంకోర్టు అన్నది. కార్పొరేషన్ అధికారులు తరలించేటప్పుడు ముగ్గురు కలిసి తినేవాళ్లుంటే ఆ ముగ్గురినీ ఒకే చోటికి పంపొచ్చు. ఖర్చు ఏమీ పెరగదు.

మిగిలినవాళ్లం చేయగలిగింది పెండ్లి మిగులుతో మొదలుపెట్టొచ్చు. ఫంక్షన్ హాల్లో రాత్రి పదకొండుకు మిగిలిన అన్నం పన్నెండున్నరకు షెల్టర్ చేరుతుంది, పడుకున్నవాళ్లను లేపి పెడతారు. వండి గంటలు గడిచిన అన్నం వాంతులు, విరేచనాలు తెప్పించవచ్చు. మిగులు ఆహారం ఎలా భద్రపరచాలో, ఎలా పంచాలో ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2019లోనే నియమాలు చేసింది. అంతకంటే సులువైన దారి ఒకటుంది. వంటమనిషికి చెప్పి, మొదటి పంక్తి లేవకముందే ఒక గంజు అన్నం, ఒక గంజు పప్పు, ఒక గంజు కూర పక్కన పెట్టించి రాత్రి ఏడున్నరకల్లా పంపండి. పంపే ముందు షెల్టర్‌కు ఫోన్ చేసి, ఈ రాత్రి ఎంతమంది ఉన్నారో, వాళ్లకు కూర ఏది కావాలో అడగండి.